ప్రయాణాలకు ఒకే జూమ్ లెన్స్: ఎలా ఎంచుకోవాలి?

దూరప్రయాణాల్లో రెండు మూడు లెన్సులు మోసుకెళ్ళి, దారిలో దుమ్మూ గాలీ మధ్య వాటిని మార్చుకుంటూ ఫొటోలు తీయడం చాలామందికి కుదరదు. కుటుంబంతో వెళ్ళినవారికైతే అంత తీరిక కూడా దొరకదు. అందుకే విశాలమైన దృశ్యాన్నీ, దూరంగా ఉన్న శిల్పాన్నీ ఒకే లెన్సుతో తీయాలని కోరుకుంటారు. దుకాణంలో ఇటువంటి లెన్సులను ఎన్ని రెట్లు దగ్గరకు లాగుతాయన్న లెక్కతో చూపిస్తారు కనుక, పదహారు రెట్లు లాగే లెన్సు ఏడు రెట్లు లాగేదానికంటే మేలైనదని కొనేవారు అనుకోవడం సహజం. నా అభిప్రాయంలో ప్రయాణాల కోసం కొనేవారు అన్నిటికంటే చివర చూడవలసినది ఆ లెక్కే. లెన్సు ఎంత వెడల్పైన దృశ్యాన్ని పట్టగలదు, వెలుతురు తగ్గినచోట ఎంతవరకు ఆదుకుంటుంది అన్న రెండు విషయాలు ముందు తేలాలి.

1. మీ పాత ఫొటోలను పరిశీలించండి

ప్రతి ఫొటోతోపాటు అది ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర తీసినదో కెమెరా నమోదు చేస్తుంది. మిల్లీమీటర్లలో చెప్పే ఈ సంఖ్య చిన్నదైతే వెడల్పైన దృశ్యం పడుతుంది, పెద్దదైతే దూరపు వస్తువు దగ్గరగా కనిపిస్తుంది. కంప్యూటర్లో ఫొటో వివరాలు తెరిస్తే ఆ సంఖ్య కనిపిస్తుంది. గత ప్రయాణాల్లో తీసినవాటిలో మీకు నిజంగా నచ్చిన ఫొటోలను మాత్రమే వేరుచేసి ఆ సంఖ్యలు చూడండి. కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్సుతో తీసినవారికి ఎక్కువ ఫొటోలు 18 దగ్గరే కనిపిస్తే వెడల్పు చాలడం లేదనీ, ఎక్కువ 55 దగ్గరే ఆగిపోతే దూరం అందడం లేదనీ అర్థం చేసుకోవచ్చు.

2. మీ కెమెరా సెన్సరుకు తగినట్టు లెక్క మార్చుకోండి

లెన్సు మీద ఉన్న సంఖ్య ఒకటే అయినా, వెలుతురును ఫొటోగా మార్చే సెన్సర్ పరిమాణాన్ని బట్టి ఫొటోలో పట్టే దృశ్యం మారుతుంది. 36 × 24 మి.మీ. ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సరును ప్రమాణంగా తీసుకుని, అంతకంటే చిన్న సెన్సర్ ఉండే నికాన్, సోనీ, ఫుజీఫిల్మ్ ఎపిఎస్-సి కెమెరాల్లో లెన్సు సంఖ్యను 1.5తోనూ, కెనాన్ ఎపిఎస్-సి కెమెరాల్లో 1.6తోనూ, ఇంకా చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల్లో 2తోనూ హెచ్చించాలి. ఆ విధంగా 18 మి.మీ. లెన్సు సోనీ ఎపిఎస్-సి కెమెరా మీద 27కు, కెనాన్ మీద దాదాపు 29కి సమానమవుతుంది. ఇకమీదట ఏ రెండు లెన్సులను పోల్చినా ఈ మార్చిన సంఖ్యలనే పోల్చాలి.

3. వెడల్పు కొస దగ్గర రాజీపడకండి

దూరపు కొస, అంటే లెన్సు మీది పెద్ద సంఖ్య, తగ్గితే ఫొటోను తరువాత కత్తిరించుకోవచ్చు గాని, ఫొటోలోకి రాని భాగాన్ని తరువాత తెచ్చి కలపలేము. ఈ ఒక్క కారణం చేతనే ప్రయాణాలకు వెడల్పు కొస, అంటే చిన్న సంఖ్య, ముఖ్యమవుతుంది. మన ఆలయాల విషయంలో ఇది మరింత నిజం. గోపురం ముందు వీధి ఇరుకుగా ఉంటుంది, వెనక్కి నడుద్దామంటే దుకాణాలు అడ్డువస్తాయి, మండపం లోపలైతే నాలుగడుగులు వెనక్కి వేయగానే స్తంభం వీపుకు తగులుతుంది.

ఫుల్ ఫ్రేమ్ మీద 24కూ 28కీ ఉన్న తేడా చెప్పుకోవడానికి నాలుగు మిల్లీమీటర్లే. అయితే పది మీటర్ల దూరంలో నిలబడి చూస్తే 24 దగ్గర పదిహేను మీటర్ల వెడల్పు పడుతుంది, 28 దగ్గర పదమూడు మీటర్లు కూడా పట్టదు. రెండు మీటర్లకు పైగా ఉన్న ఆ తేడాలో ఒక స్తంభాల వరుస మిగిలిపోవచ్చు. గండికోటలో పెన్నా లోయను నాలుగైదు ఫొటోలుగా తీసి తరువాత అతికించుకోవచ్చు, ఎందుకంటే అక్కడ దృశ్యం కదలదు. రథోత్సవంలో కదిలే జనంతో ఆ ఉపాయం పనిచేయదు.

ఈ దృష్టితో చూస్తే, ట్యామ్రాన్ 28-200 ఎంత మంచి లెన్సయినా, ఆలయాలూ కోటలూ ఎక్కువగా చూసే సోనీ ఫుల్ ఫ్రేమ్ వినియోగదారుకు నేను సోనీ 24-105 ఎఫ్/4నే ముందు సూచిస్తాను (ఎఫ్ సంఖ్య అర్థం తరువాతి అంశంలో ఉంది). నికాన్ జడ్ ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవారికి 24-120 ఎఫ్/4, 24-200 రెండూ 24 దగ్గరే మొదలవుతాయి. ఫుజీఫిల్మ్ వినియోగదారులకు 16-80 ఎఫ్/4 లెన్సు 24-120కి సమానంగా పనిచేస్తుంది. ఎపిఎస్-సి కెమెరాలకు వచ్చే సోనీ 18-135, నికాన్ 18-140, కెనాన్ 18-150 లెన్సులు 27-29 దగ్గర మొదలవుతాయి, అయినా వాటి తేలికదనం వల్ల వాటిని తోసిపుచ్చలేము. ఆ సంగతి కింద వస్తుంది.

4. వెలుతురు లెక్క వేయండి

లెన్సు మీద ఎఫ్/3.5-6.3 అని ఉంటే, వెడల్పు కొసలో 3.5 వరకు, దూరపు కొసలో 6.3 వరకు మాత్రమే అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, తెరుచుకుంటుందని అర్థం. ఈ సంఖ్య ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. ఎఫ్/4 అని ఒక్క సంఖ్యే ఉంటే అన్ని ఫోకల్ లెంగ్తుల దగ్గరా అంతే తెరుచుకుంటుంది. ఎఫ్/6.3తో పోలిస్తే ఎఫ్/2.8 సుమారు ఐదు రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది. ఎఫ్/2.8 దగ్గర ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, పెంచినకొద్దీ ఫొటో గరుకుగా వస్తుంది) 1600తో సరిపోయే చోట, అదే షట్టర్ వేగం (ఫొటో పడటానికి పట్టే సమయం) కావాలంటే ఎఫ్/6.3 దగ్గర ఐఎస్ఓ 8000కు పోవాలి. ఎన్నో రెట్లు లాగే సూపర్‌జూమ్ లెన్సుల్లో చాలావి దూరపు కొసకు చాలా ముందే 6.3కు చేరతాయి కనుక, మధ్యలో అపర్చర్ ఎక్కడెక్కడ తగ్గుతుందో దుకాణంలో లెన్సు తిప్పి కెమెరా తెరమీద గమనించాలి.

లేపాక్షి వీరభద్రస్వామి ఆలయంలో పైకప్పు మీది విజయనగర కాలపు చిత్రాలను తీయాలనుకోండి. అటువంటి ప్రాచీన చిత్రాల మీద ఫ్లాష్ వాడకూడదు, పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి. కాబట్టి చేతిలో కెమెరా పట్టుకునే తీయాలి. ఇక్కడ లెన్సులోని కంపన నిరోధక వ్యవస్థ ఆదుకుంటుంది, ఎందుకంటే చిత్రం కదలదు, సెకనులో పదో వంతు వేగంతోనైనా స్పష్టమైన ఫొటో వస్తుంది. అదే వెలుతురులో కూచిపూడి నర్తకిని తీయాలంటే ఆ వ్యవస్థ ఏమీ చేయలేదు. అది మీ చేతి వణుకును ఆపుతుంది గాని నర్తకి కదలికను ఆపదు. అక్కడ ముఖ్యంగా కావలసినది పెద్ద అపర్చర్.

మీ కెమెరా లోపల ఈ వ్యవస్థ ఉందో లేదో కూడా చూసుకోండి. సోనీ ఎ6400, నికాన్ జడ్50, కెనాన్ ఆర్50 వంటి కెమెరాల్లో అది లేదు. ట్యామ్రాన్ 28-200 వంటి లెన్సులోనూ లేదు. ఈ రెండు లోపాలూ ఒకేచోట కలిస్తే మండపాల్లో ఇబ్బంది తప్పదు.

5. దూరపు కొస ఎంత కావాలో అప్పుడు నిర్ణయించండి

24 మెగాపిక్సెల్ కెమెరాతో 135 దగ్గర తీసిన ఫొటోను 200 దగ్గర తీసినంతగా కత్తిరిస్తే 4050 × 2700 పిక్సెళ్ళు, అంటే సుమారు 11 మెగాపిక్సెళ్ళు మిగులుతాయి. ఎ4 పరిమాణంలో నాణ్యంగా అచ్చువేయడానికి 3508 × 2480 చాలు. రామప్ప గుడి చూరు కింద ఉన్న మదనికలను (స్త్రీమూర్తుల శిల్పాలను) తీయడానికి 100 నుంచి 200 వరకు సరిపోతుంది. నేలపట్టు గూడబాతులను తీయాలన్న కోరిక ఉంటే మాత్రం అది వేరే లెన్సు పని. దాని కోసం ప్రయాణ లెన్సును 300కు పెంచుకుంటే పక్షులూ సరిగా రావు, బరువూ పెరుగుతుంది.

6. బరువును చేతితో తూచి చూడండి

సోనీ 18-135 బరువు 325 గ్రాములు, నికాన్ జడ్ 18-140 బరువు 315, కెనాన్ 18-150 బరువు 310. ఫుల్ ఫ్రేమ్ వైపు నికాన్ 24-120 బరువు 630 గ్రాములు, కెనాన్ ఆర్‌ఎఫ్ 24-105 ఎఫ్/4 బరువు 700. కొండమెట్లు ఎక్కేవారికి ఈ సగం తేడా సాయంత్రానికి బాగా తెలుస్తుంది. బరువని గదిలో వదిలేసిన మంచి లెన్సు కంటే మెడలో ఉన్న సాధారణ లెన్సుతోనే ఫొటోలు వస్తాయి. తేలికైన లెన్సు తీసుకున్నవారు వెలుతురు లోటు తీర్చుకోవడానికి జూమ్ లేని ఎఫ్/1.8 చిన్న ప్రైమ్ లెన్సు ఒకటి సంచిలో వేసుకుంటే రెండూ కలిపినా బరువు తక్కువే.

7. కొనేముందు పరీక్షించండి

ముందుగా లెన్సును కెమెరాకు బిగించే మౌంట్ సరిపోతుందో చూసుకోండి. నికాన్ పాత ఎఫ్ మౌంట్ లెన్సులు అడాప్టరుతో జడ్ కెమెరాల మీద పనిచేస్తాయి గాని, జడ్ లెన్సులు పాత కెమెరాలకు పట్టవు. తరువాత లెన్సును నేలవైపు వంచి పట్టుకోండి. గొట్టం దానంతటదే జారితే నడిచేటప్పుడు చికాకు పెడుతుంది. ఇటుకల గోడకు ఎదురుగా నిలబడి, అపర్చర్ పూర్తిగా తెరిచి, రెండు కొసల దగ్గరా ఒక్కో ఫొటో తీసి నాలుగు మూలలనూ పెద్దవి చేసి చూడండి. నాలుగూ కొద్దిగా మెత్తబడితే అది లెన్సు స్వభావం. ఒక్క మూలే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగినట్టు, ఆ లెన్సును తీసుకోకూడదు.

పాత లెన్సు కొంటున్నవారు వెనుక నుంచి టార్చి వేసి లోపల సాలెగూటి దారాల వంటి ఫంగస్ ఉందేమో తప్పక చూడాలి. విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్ళలో వాడిన లెన్సుల్లో ఇది మామూలు, కొద్దిగా కనిపించినా వదిలేయడం మంచిది. కొత్తదైతే వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ముందే అడిగి, లెన్సు మీది సీరియల్ నంబరు బిల్లులోనూ వారంటీ కార్డులోనూ ఒకేలా ఉందని చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.