గాట్‌షాక్‌ను వినాలంటే మ్యాప్ తెరవండి

అమెరికన్ పియానిస్టు లూయీ మోరో గాట్‌షాక్ పియానో రచనలను ఆల్బమ్ వరుసలో కాకుండా, ఆయన తిరిగిన ఊళ్ల వరుసలో వినండి. ఈ సంగతి తెలియక మొదట్లో నాకు వేళ్ల పరుగు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ముందు మ్యాప్‌లో అమెరికా దక్షిణాన ఉన్న న్యూ ఆర్లీన్స్ చూడండి. 1829లో పుట్టింది అక్కడే. పన్నెండు పదమూడేళ్ల వయసులో పారిస్ వెళ్తే, అక్కడి సంగీత కళాశాల (కన్సర్వేటరీ) అమెరికా కుర్రాడని వాయించనివ్వకుండానే తిప్పి పంపింది. ఆ ఫ్రాన్స్‌లోనే, చిన్నప్పుడు విన్న క్రియోల్ పాటలతో (ఫ్రెంచ్, ఆఫ్రికన్ సంస్కృతులు కలిసిన న్యూ ఆర్లీన్స్ జనం పాటలు) ‘బాంబులా’ రాశాడు. ఆ పేరు ఒక డప్పుది, దాని చుట్టూ సాగే నాట్యానిది కూడా. రెండుసార్లు వినండి, రెండోసారి ఎడమ చేతి మీదే చెవి పెట్టండి.

తర్వాత కరీబియన్ దీవి ప్యూర్టోరికో. 1857లో అక్కడ ఉన్నప్పటి ‘సువనీర్ ద పోర్తోరికో’కు మాత్రం తీరిక ఉన్న రాత్రి, హెడ్‌ఫోన్స్ కావాలి. క్రిస్మస్‌కు పల్లె జనం పిండివంటలు అడుగుతూ ఇల్లిల్లూ తిరిగి పాడే పాట ఇందులో ఉంది. నాకైతే సంక్రాంతి హరిదాసు గుర్తొస్తాడు. మొదట మంద్రంలో, ఎక్కడో దూరంగా అడుగుల చప్పుడు. గుంపు దగ్గరికొచ్చే కొద్దీ దరువు ముదురుతుంది, మన గుమ్మం ముందే హోరెత్తుతుంది, మళ్లీ సందు మలుపు తిరిగి దూరమైపోతుంది. మొదట్లో వినపడట్లేదని వాల్యూమ్ పెంచకండి, ఆ దూరమంతా పోతుంది. వాయించాలనుకునేవాళ్లకు నోట్స్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నా 61 మీటల కీబోర్డు దీనికి చాల్లేదు. నేను ఎడమ చేతి దరువు ఒక్కటే, నెమ్మదిగా సాధన చేశాను.

‘ది బాంజో’ ఎప్పుడు విన్నా సరే, వెంటనే నచ్చుతుంది.

1862లో అమెరికాకు తిరిగొచ్చేసరికి అంతర్యుద్ధం నడుస్తోంది. నాలుగున్నర నెలల్లో 85 కచేరీలు చేశానని, 15,000 మైళ్లు రైల్లో తిరిగానని డైరీలో రాసుకున్నాడు. ఆ పేజీలు చదివాకే ‘ది యూనియన్’ పెట్టుకోండి. అందులో వినిపించే దేశభక్తి గీతాలు, యుద్ధంలో ఉన్న ఊళ్లలో జనం ముందు కూర్చుని వాయించినవి.

‘మోర్తె’ను (‘ఆమె చనిపోయింది’ అని అర్థం) చివరికి ఉంచండి. 1869 నవంబరులో రియో డి జనీరోలో అది వాయించాక వేదిక మీదే కుప్పకూలాడు. డిసెంబరు 18న పోయాడు, నలభై ఏళ్లకే. అది విన్న రాత్రి ఇంకేమీ పెట్టుకోకండి.