మూత్రంలో తేడా వస్తే లోపం ఎక్కడ?

రంగు ముదిరింది
కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, 99 శాతం తిరిగి రక్తంలోకి పంపేస్తాయి. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే ఇంకా ఎక్కువ ఆపుకుంటాయి కాబట్టి ముదురు పసుపు రంగు వస్తుంది. నీళ్లు తాగితే కొన్ని గంటల్లో తేటపడాలి. కళ్లు కూడా పచ్చబడితే లివర్ పరీక్ష చేయించాలి. ఎర్రగా వస్తే మాత్రం, నొప్పి లేకపోయినా, డాక్టర్‌కి చూపించాల్సిందే.

మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం
చాలాసార్లు మూత్రాశయంలో ఇన్ఫెక్షన్. ఆడవాళ్లలో మూత్రం బయటికి వచ్చే గొట్టం 4 సెంటీమీటర్లే, అందుకే వాళ్లకు ఎక్కువ. యూరిన్ పరీక్ష చేయించి, రాసిచ్చిన యాంటీబయాటిక్ పూర్తిగా వాడాలి. చలిజ్వరం, నడుము పక్క నొప్పి తోడైతే ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పాకిందన్నమాట. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

నడుము పక్క నుంచి గజ్జల్లోకి పాకే నొప్పి
ఇది ఎక్కువగా రాయి పని. రాయి కిడ్నీలో కదలకుండా ఉన్నంతకాలం తెలియకపోవచ్చు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే 25 నుంచి 30 సెంటీమీటర్ల మూత్రనాళంలోకి దిగి ఇరుకు చోట అడ్డుపడితే నొప్పి తెరలు తెరలుగా వస్తుంది. మూత్రనాళం మధ్యలో ఇరుక్కున్న రాయి అల్ట్రాసౌండ్‌లో కనిపించకపోవచ్చు, సీటీ స్కాన్‌లో దొరుకుతుంది. 5 మిల్లీమీటర్లలోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి. రాయితోపాటు జ్వరం ఉన్నా, మూత్రం ఆగిపోయినా ఎమర్జెన్సీయే.

మళ్లీ రాకుండా ఉండాలంటే రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి, ఉప్పు తగ్గించాలి. చాలామంది పాలు, పెరుగు మానేస్తారు, అది పొరపాటు. చాలా రాళ్లలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థాన్ని తిండిలోని కాల్షియం పేగుల్లోనే పట్టేస్తుంది. కాల్షియం తగ్గితే ఆక్సలేట్ నేరుగా మూత్రంలో చేరుతుంది. బీరు తాగితే రాయి కరగదు.

ఏ లక్షణమూ లేదు
నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. కిడ్నీ మెల్లగా పాడవుతుంటే నొప్పి ఉండదు. దాదాపు సగం పనితీరు పోయేదాకా, కిడ్నీలు బయటికి పంపే వ్యర్థమైన క్రియాటినిన్ రక్తపరీక్షలో నార్మల్‌గానే కనిపించవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతోమందికి జబ్బు ముదిరాకే బయటపడింది, కారణం ఇప్పటికీ తేలలేదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి క్రియాటినిన్‌తోపాటు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా చూపించుకోవాలి. మూత్రంలో నురగ ఆగకుండా వస్తుంటే ఏడాది ఆగక్కర్లేదు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు మెడికల్ షాపులో అడిగి మింగే అలవాటుంటే, ముఖ్యంగా ఎండలో పనిచేసేవాళ్లు, మానేయండి. ఆ బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి.