కత్తులకు, కొడవళ్లకు పట్టిన తుప్పు వదిలించడం ఎలా? మళ్లీ పట్టకుండా ఏం చేయాలి?

ఆవకాయ సీజన్ అయిపోగానే మామిడికాయల కత్తిని కడిగి అటకెక్కిస్తాం. మరుసటి ఏడాది దించి చూస్తే ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. వానాకాలమంతా చూరుకు వేలాడిన కొడవలి, పెరట్లో మరిచిపోయిన కొమ్మల కత్తెర సంగతీ ఇంతే. వీటిలో చాలావాటిని పారేయాల్సిన పనిలేదు. కిరాణా కొట్టులో దొరికే సామానుతోనే ఒక పూటలో బాగుచేసుకోవచ్చు. అయితే తుప్పు తీసేటప్పుడు ఉన్న ఓపిక, తీశాక పది నిమిషాల్లో చేయాల్సిన పనికి వచ్చేసరికి చాలామందికి ఉండదు. రెండు రోజుల్లోనే కత్తి మళ్లీ ఎర్రబడేది అందుకే.

ముందు ఎంత ముదిరిందో చూడండి

ఇనుముకు గాలి, తేమ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు కూడా తోడైతే ఇంకా త్వరగా పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇనప సామాను తొందరగా పాడవడానికి కారణం ఆ ఉప్పుగాలే. పైగా తుప్పు గుల్లగా ఉంటుంది కాబట్టి తేమను పట్టి ఉంచుతుంది. దాని కింది ఇనుమును ఇంకా తినేస్తూనే ఉంటుంది. అందుకే తుప్పు మీద నూనె రాసి ఊరుకుంటే పని జరగదు.

గోటితో గీకితే పొడిలా రాలిందంటే అది పైపై తుప్పు. పొరలుగా పెచ్చులు లేస్తుంటే ముదిరిందన్నమాట. పెచ్చు లేచిన చోట చిన్న చిన్న గుంటలు కూడా కనిపించవచ్చు. పచ్చిమామిడి, ఉల్లిపాయ, అరటికాయ కోసి కోసి ఇనప కత్తి నల్లబడి నున్నగా ఉంటే మాత్రం దాని జోలికి వెళ్లకండి. ఆ నల్లటి పొర కత్తిని కొంతవరకు కాపాడుతుంది. కొత్తదానిలా తళతళలాడాలని పంతం పట్టి దాన్ని గీకేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

స్టీలు కత్తికి తుప్పు పట్టదనే మాట సగమే నిజం. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండటం వల్ల తొందరగా పట్టదు. కానీ ఉప్పునీళ్లలో, బ్లీచింగ్ నీళ్లలో నానితే దానికీ గోధుమరంగు చుక్కలు వస్తాయి. వంటసోడాను ముద్దలా కలిపి రుద్దితే అవి పోతాయి.

తుప్పు తీసే పద్ధతి

1. చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకోండి. కత్తిని సబ్బు, వేడినీళ్లతో కడిగి తుడవండి. కొమ్మల కత్తెరకు మామిడి జీడి, వేప బంక అంటుకుని ఉంటే కిరసనాయిలు గానీ టర్పెంటైన్ గానీ గుడ్డకు అద్ది తుడవాలి. బంక వదలకుండా పని మొదలుపెడితే ఎమెరీ పేపర్ (గరుకు కాగితం) రెండు నిమిషాల్లో పూడుకుపోతుంది.

2. పైపై తుప్పుకు మన పాత పద్ధతే చాలు. మెత్తగా దంచి జల్లించిన ఇటుక పొడిలో నాలుగు చుక్కల నూనె కలిపి, కొబ్బరి పీచుతో రుద్దండి. స్టీల్ పీచు అయినా ఫర్వాలేదు. బంగాళాదుంప ముక్కతో రుద్దే చిట్కా వీడియోల్లో బాగుంటుంది కానీ దానితో పోయే తుప్పు తడిగుడ్డతో గట్టిగా రుద్దినా పోతుంది. కూల్‌డ్రింక్ కూడా అంతే. కోలాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మాట నిజమే, కానీ చాలా పలుచగా ఉంటుంది. తర్వాత ఆ చక్కెర జిడ్డు కడుక్కోవడం అదనపు చాకిరీ.

3. అప్పటికీ పోకపోతే ఎమెరీ పేపర్ తీసుకోండి. ముందు 120 నంబరు, తర్వాత 220, చివర 400. కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి, రెండు చుక్కల మెషిన్ ఆయిల్ వేసి, మొద్దు వైపు నుంచి పదును వైపుకే రుద్దండి. అటు నుంచి ఇటు రుద్దితే అంచు ముందు కాగితాన్ని కోస్తుంది, తర్వాత వేలిని. కక్కు కొడవలి అయితే పళ్ల మీద కాగితం పెట్టకుండా పాత టూత్‌బ్రష్‌తో పళ్ల సందుల్లో తోమాలి. పళ్లు అరిగిపోయి ఉంటే మళ్లీ కక్కు పెట్టడం కమ్మరి పని, అది మనవల్ల కాదు.

పని త్వరగా అయిపోతుందని గ్రైండర్ మిషన్ పట్టేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. లారీ కమాన్ పట్టీలతో కొట్టిన కత్తికైనా, కొమ్మల కత్తెరకైనా పదును నిలిచేది కమ్మరో ఫ్యాక్టరీయో వేడిచేసి పట్టించిన గట్టిదనం వల్లే. గ్రైండర్ కింద అంచు నీలంరంగుకు తిరిగిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లిందని లెక్క. ఇక ఆ చోట ఉక్కు మెత్తబడి పదును ఆగదు.

4. పెచ్చులు లేచిన తుప్పుకు నానబెట్టడమే దారి. దీనికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అన్నిటికంటే నయం. వెనిగర్ కంటే చవక, వాసన ఉండదు. ప్లాస్టిక్ తొట్టెలో లీటరు వేడినీళ్లకు 50 గ్రాముల చొప్పున కలిపి కత్తిని ముంచండి. అల్యూమినియం గిన్నె వాడకండి. చెక్కపిడి నీళ్లలో మునగకూడదు. అది కుదరకపోతే ఆ నీళ్లలో తడిపిన గుడ్డను కత్తికి చుట్టి, పైన పాలిథిన్ కవర్ కట్టండి. అరగంటకోసారి తీసి బ్రష్‌తో తోమి చూడాలి. సాధారణంగా రెండు మూడు గంటల్లో తుప్పు నల్లటి బురదలా ఊడి వస్తుంది. రాత్రంతా వదిలేయకండి. తుప్పు అయిపోయాక ఆమ్లం ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. కొమ్మల కత్తెర స్ప్రింగును విప్పి పక్కన పెట్టండి. ఆమ్లంలో నానిన స్ప్రింగు పెళుసెక్కి విరిగిపోయే ప్రమాదముంది.

బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు. దాని ఆవిరికి అదే గదిలో ఉన్న మిగతా ఇనప సామానంతా తుప్పు పడుతుంది. పొరపాటున బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.

అసలు పని ఇప్పుడే

నిమ్మ ఉప్పులోంచి తీసిన కత్తి బూడిదరంగులో శుభ్రంగా కనిపిస్తుంది. అలాగే గట్టు మీద పెట్టి టీ తాగి వచ్చేలోగా దానిమీద పల్చగా నారింజరంగు పొర కమ్ముకుంటుంది. తుప్పంతా వదిలిన ఇనుము మీద ఏ అడ్డూ ఉండదు కాబట్టి తేమ తగలగానే కొత్త తుప్పు మొదలవుతుంది. అందుకని గుడ్డ, నూనె ముందే చేతికందేలా పెట్టుకుని కత్తిని బయటికి తీయండి.

మంచినీళ్లతో కడిగి, చెంచాడు వంటసోడా కలిపిన నీళ్లలో ఒకసారి ముంచండి. మిగిలిన పులుపు విరిగిపోతుంది. వెంటనే మరుగుతున్న నీళ్లు కత్తి మీద పోయండి. ఇనుము వేడెక్కి, గుడ్డకు అందని కీళ్ల సందుల్లోని తడి కూడా దానంతటదే ఆవిరైపోతుంది. తుడిచి, ఇంకా గోరువెచ్చగా ఉండగానే నూనె రాయండి. పదును పట్టడం ఆ తర్వాత. ఆకురాయితోనో సానరాయితోనో నూరాక అంచుకు మళ్లీ నూనె అద్దాలి. నూరిన చోట కొత్త ఇనుము బయటపడుతుంది మరి.

ఏ నూనె రాయాలి?

కూరగాయలు తరిగే కత్తికి, ఆవకాయ కత్తికి కొబ్బరి నూనె మంచిది. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు నెలలు గడిచేకొద్దీ జిగురులా గట్టిపడి దుమ్మును అంటించుకుంటాయి. కొబ్బరి నూనెతో ఆ బాధ తక్కువ. చలికాలంలో పేరుకున్నా నష్టమేమీ లేదు. కొడవలి, గొడ్డలి, కొమ్మల కత్తెరకు ఆముదం రాయవచ్చు. చిక్కగా ఉండి కారిపోదు, తొందరగా ఆరిపోదు. కుట్టుమిషన్ నూనె కత్తెర కీలులోకి బాగా దిగుతుంది. స్ప్రే డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40 తడిని తరిమి బిగుసుకున్న బోల్టును వదులు చేయడానికి బాగా పనికొస్తుంది. కానీ దాని పొర పల్చన, వానాకాలమంతా కాపాడుతుందని నమ్ముకోవద్దు. వంటకత్తికి అసలే వాడకండి.

చెక్కపిడికి అవిసె నూనె పట్టించవచ్చు. అయితే ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆరుతున్నప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకునే ప్రమాదముంది. పరిచి ఆరబెట్టాకే పారేయండి.

ఎక్కడ పెట్టాలి?

పొలం సామాను పాడవడానికి పెద్ద కారణం ఎరువుల బస్తాల గది. పొటాష్ ఎరువులో ఎక్కువగా ఉండేది పొటాషియం క్లోరైడ్, అంటే అదీ ఒకరకం ఉప్పే. యూరియా గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఆ బస్తాల మీద పెట్టిన కొడవలికి తుప్పు పట్టడానికి వాన కూడా అక్కర్లేదు. సిమెంటు గచ్చు మీద, తడి గోడకు ఆనించి కూడా పెట్టకండి. తోలు ఒరలో ఉంచితే చెమ్మ లోపలే ఉండిపోతుంది. నూనె గుడ్డ చుట్టి, గాలాడే చోట మేకుకు తగిలించడం మేలు. అటకెక్కే ఆవకాయ కత్తికి నూనె గుడ్డ మీద పాలిథిన్ కవర్ చుట్టి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు లోపల వేయండి. వచ్చే ఏడాది వాడే ముందు సబ్బు, వేడినీళ్లతో కడిగితే చాలు.

రోజూ వాడే కత్తి విషయంలో సింకులో నాననివ్వకుండా ఉంటే సగం పని అయినట్టే. పచ్చిమామిడి, నిమ్మకాయ, చింతకాయ కోసిన వెంటనే కడిగి తుడవండి. ఆ పులుపు ఆరిపోయే దాకా ఉంచకూడదు.

తుప్పు కత్తి కోసుకుంటే ధనుర్వాతం వస్తుందని భయపడతాం. ఆ జబ్బుకు కారణం తుప్పు కాదు, మట్టిలో, పేడలో ఉండే బాక్టీరియా. తళతళలాడే కొడవలి అయినా పొలం మట్టి అంటుకుని ఉంటే ప్రమాదం అంతే. గాయాన్ని సబ్బుతో కడిగి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నదీ డాక్టరుకు చెప్పండి.

ఏడాదికోసారి అన్నిటినీ దించి సర్వీసు చేయడానికి దసరా సరైన సమయం. వానలు తగ్గుముఖం పడతాయి, ఆయుధ పూజకు ఎలాగూ సామానంతా బయటికి తీస్తాం. పూజలో పెట్టిన తడి పసుపు, కుంకుమ బొట్టును అలాగే వదిలేస్తే సరిగ్గా దాని కిందే తుప్పు మచ్చ పడుతుంది. మర్నాడు బొట్లు తుడిచి, నూనె రాసి లోపల పెట్టండి.