అటక మీద సామాను, కొండ మీద తిప్పలు

శ్రీకాకుళంలో మా ఇంటి అటక సగం నాదే. రెండు గుడారాలు, మూడు బ్యాగులు, పాత సైకిల్ ట్యూబులు, ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాలు, వలలకి వాడే తాడు చుట్టలు. మా అమ్మ దృష్టిలో అదంతా పాత సామాన్లవాడికి వేసేయాల్సిన సరుకు. నేను మాత్రం సెలవు దొరికితే అందులో కొంత వీపున వేసుకుని రామతీర్థమో, తాటిపూడో, కళింగపట్నం తీరమో, వీలైతే మందస వైపు నుంచి మహేంద్రగిరో బయల్దేరతాను. దారిలో ఏవి పాడయ్యాయో, ఎందుకు పాడయ్యాయో, ఎలా బాగుచేసుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. దుకాణాల్లో దొరికే సామాను చాలావరకు చలి ప్రదేశాలను దృష్టిలో పెట్టుకుని చేసినదే. మనకి చలితో పెద్ద పేచీ లేదు. మన గొడవంతా చెమటతో, ఉప్పుగాలి తేమతో.

సమస్య: నడుస్తుండగా బూటు అడుగు ఊడిపోయింది

నాకు మహేంద్రగిరి మీద జరిగింది. ఆ కొండ ఎత్తు 1,501 మీటర్లు. సగం ఎక్కకుండానే కుడి బూటు అడుగు నాలుకలా వేలాడింది, అరగంటకి ఎడమది కూడా. నాలుగేళ్ళు అటక మీద భద్రంగా దాచిన ఖరీదైన జత అది. ఉత్త కాళ్ళతో, నెత్తిన మూటతో ఎక్కుతున్న ఒక పెద్దాయన ఆగి, "ఏటి బాబూ, జోళ్ళు సంకనెట్టుకుని ఎక్కుతున్నావేటి?" అని అడిగాడు.

కారణం: గమ్ నాసిరకం అనుకుంటాం. అసలు దోషం చాలాసార్లు గమ్‌ది కాదు. చాలా ట్రెక్కింగ్ బూట్లలో రబ్బరు అడుగుకీ పై భాగానికీ మధ్య పాలీయూరితేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన మెత్తటి పొర ఉంటుంది. గాలిలోని తేమ ఏళ్ళ తరబడి దాన్ని విడగొడుతూ ఉంటుంది. దీన్నే హైడ్రాలిసిస్ అంటారు. బూట్లు వాడకుండా దాచినా ఇది ఆగదు, పైగా మన కంటపడదు.

పరిష్కారం: కొండ మీద ఉంటే సైకిల్ ట్యూబును రెండంగుళాల వెడల్పు రింగులుగా కోసి, వేళ్ళ దగ్గర రెండు, పాదం మధ్యలో ఒకటి బిగించండి. నేను అలాగే కిందికి దిగాను. అప్పటినుంచి నాలుగైదు రింగులు లేకుండా గుమ్మం దాటను. వానలో పుల్లలు అంటుకోకపోతే ఒక రబ్బరు ముక్క వెలిగిస్తే చాలు, కంపు కొట్టినా మండుతుంది. ఇంటికొచ్చాక ఆ పొడి రాలే పొరకి ఏ గమ్మూ పట్టదు. చెప్పులు కుట్టే అతనితో పాతదంతా తీయించి కొత్త అడుగు వేయించాలి. ప్రయాణానికి వారం ముందే బొటనవేలితో ఆ పొరను నొక్కి, బూటును వంచి చూడండి. పగుళ్ళు కనిపిస్తే ఆ జత ఇంట్లోనే ఉండాలి.

సమస్య: గుడారం గుడ్డ జిగటగా ఉంది, పాడు వాసన వస్తోంది

ఇదీ అదే జబ్బు. నీళ్ళు దిగకుండా లోపలివైపు పూసిన పాలీయూరితేన్ పూత చెడిపోయింది. దీనికి మందు లేదు. నేలమీద పరుచుకునే గుడ్డగా కోసుకోండి. ఇంకా చెడిపోని గుడారం ఉంటే దాన్ని బాగా ఆరబెట్టి, దాంతో వచ్చిన బిగుతు సంచిలో కుక్కకుండా పాత దిండు గలీబులో వదులుగా పెట్టండి. నా రెండో గుడారం అలాగే బతికుంది.

సమస్య: బరకం మూల చిరిగింది, మేకులు ఇసుకలో నిలవడం లేదు

గుడారం పోయాక నేను బరకానికి మారాను. వరి కుప్పల మీద కప్పేదే. దాని రింగులు గాలికి పీక్కుని వచ్చేస్తాయి, ఎందుకంటే లాగుడంతా ఒకే చిన్న రంధ్రం అంచు మీద పడుతుంది. రింగు పోతే పోనీ. నున్నటి గులకరాయిని బరకం లోపలివైపు పెట్టి, బయటినుంచి దాని మెడ చుట్టూ తాడు బిగించండి. మూలలోనే కాదు, మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ కట్టుకోవచ్చు. దుకాణం రింగు కన్నా ఇదే గట్టిది.

తీరంలో మేకులు వృథా. చిన్న సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పాతిపెట్టండి. పైన ఇసుక తొక్కితే కదలదు. రాత్రి బరకం జారిపోయి ముఖానికి తగులుతోందంటే తాడు నైలాన్‌ది అయి ఉంటుంది. తడిస్తే నైలాన్ సాగుతుంది. పడుకునే ముందు ఇంకోసారి బిగించండి, లేదా పాలియెస్టర్ తాడు వాడండి.

సమస్య: వాన పడలేదు, తెల్లారేసరికి లోపలంతా తడి

మన ఊపిరిలోని తేమే చల్లటి గుడ్డకి తగిలి నీరవుతుంది. ఏటి ఒడ్డున పల్లంలో పడుకుంటే మరీ ఎక్కువ. కాస్త మెరక చూసుకుని, రెండు వైపులా తెరిచి ఉంచండి.

సమస్య: డబ్బా పొయ్యి మీద నీళ్ళు మరగడం లేదు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఇదే. రెండు కూల్‌డ్రింక్ డబ్బాల అడుగులు కోసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, అంచు చుట్టూ గుండుసూదితో 16 రంధ్రాలు పొడిస్తే స్పిరిట్ పొయ్యి తయారు. నాలుగోది సరిగ్గా వచ్చింది. మొదటి మూడూ వేలు కోసినవే.

మరగకపోతే ముందు గాలిని అనుమానించండి. నూనె డబ్బా రేకుతో చుట్టూ అడ్డం పెట్టండి, కింద కాస్త సందు వదలండి. గిన్నెకి మూత ఉందా? మంటకీ గిన్నెకీ మధ్య రెండంగుళాలు ఉందా? ఇవి సరిగ్గా ఉంటే అర లీటరు నీళ్ళకి 20 మిల్లీలీటర్ల స్పిరిట్ చాలు. దగ్గు మందు మూతతో కొలుస్తాను, 10 మిల్లీలీటర్ల మూత అయితే రెండు.

మంట పసుపుపచ్చగా వచ్చి గిన్నె మసిబారితే స్పిరిట్ మార్చండి. ఐసోప్రొపైల్ అనే రకం ఆల్కహాల్ ఎక్కువున్నది మసి పడుతుంది. వడ్రంగులు పాలిష్‌కి వాడే స్పిరిట్ శుభ్రంగా మండుతుంది. అది విషం, సీసా మీద పెద్దక్షరాలతో రాయండి. పగటి వెలుగులో దాని మంట కనిపించదు కాబట్టి ఆరిందనుకుని మళ్ళీ పోయకండి. గుడారం లోపల అసలు వెలిగించకండి.

పలాస వైపు వెళ్ళినప్పుడు జీడిపిక్కల తొక్కలు చూసి, ఊరికే వచ్చిన వంటచెరకు కదా అని మురిసిపోయాను. భగ్గున మండాయి. కానీ ఆ తొక్కలో ఒళ్ళు పొక్కించే నూనె ఉంటుంది. పొగకి కళ్ళు మండిపోయి, టీ పారబోసి పరిగెత్తాను.

సమస్య: రెయిన్ కవర్ వేసినా బ్యాగు లోపల తడిసింది

కవర్ వీపువైపు మూయదు, నీళ్ళు మన మెడమీంచి అటే జారతాయి. లోపల మందపాటి పాలిథిన్ సంచి పెట్టి, మూతి మెలిపెట్టి కట్టడమే దారి. ఎరువుల బస్తా లోపలి సంచి అయితే ముందు బాగా కడగాలి. మనిషికి మాత్రం తాటాకు గిడుగును, అంటే తాటాకు గొడుగును, మించింది నేను చూడలేదు. వానా పడదు, చెమటా పట్టదు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరు విన్నప్పుడల్లా నాకు ముందు ఈ గిడుగే గుర్తొస్తుంది.

సమస్య: భుజాలు లాగేస్తున్నాయి

నడుం పట్టీ బొడ్డు దగ్గర కాదు, తుంటి ఎముకల మీద బిగించాలి. అప్పటికీ లాగుతుంటే బరువే ఎక్కువ. ఇంటికి రాగానే సామాన్ని మూడు కుప్పలుగా పోయండి: రోజూ వాడినవి, ఒక్కసారి వాడినవి, అసలు తీయనివి. మందుల సంచి, వాన సామాను తప్ప మూడో కుప్పని మళ్ళీ మోయకండి. అలా నా బ్యాగు 14 కిలోల నుంచి 8కి దిగింది. మిగతా 6 కిలోలు అటకెక్కాయి. అమ్మకి ఇంకా చెప్పలేదు.