ఇంటిపేరు పట్టుకుని తీగ లాగడం ఎలా?

పెళ్లిళ్లలో ఒక పెద్దాయన తప్పకుండా ఉంటాడు, కిళ్లీ నములుతూ "ఆ క్రికెటర్ మనవాడేనోయ్, ఇంటిపేరు ఒకటే" అంటాడు. మావైపు ఆ పాత్ర మా పెదనాన్నది. నిజమో కాదో తేల్చుకోవాలంటే కాస్త ఓపిక కావాలి. విజయనగరం రాజుల ఇంటిపేరు పూసపాటితో చేసి చూపిస్తాను.

ముందు పేరు విప్పండి. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లే. పూసపాడు నుంచి పూసపాటి, గుడిపాడు నుంచి గుడిపాటి. 'పాడు' కాస్తా 'పాటి' అయిందంటే ఫలానా ఊరివాళ్లని అర్థం. ఒకే ఊరి నుంచి బయల్దేరిన వేరువేరు కులాలవాళ్లకి ఒకే ఇంటిపేరు ఉండొచ్చు, అందుకని వెంటనే చుట్టరికం కలిపేయకుండా గోత్రం, సొంతూరు కూడా మొహమాటపడకుండా అడిగేయండి.

ఆటల దగ్గర చాలామంది బోల్తా పడతారు, ఎందుకంటే అక్కడ ఇంటిపేరే కనపడదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన మన క్రికెట్ జట్టు కెప్టెన్‌ని అందరూ విజ్జీ అనేవారు, రికార్డుల్లోనేమో విజయనగరం మహారాజ్‌కుమార్. పూసపాటి అని వెతికితే ఎక్కడ దొరుకుతాడు? అసలు పేరు పూసపాటి విజయ ఆనంద గజపతి రాజు. కాబట్టి బిరుదుతో, ముద్దుపేరుతో, పొడి అక్షరాలతో, అన్ని రకాలుగా వెతకండి. దొరికాక మంచి ముక్కలే ఏరుకోవద్దు: ఆయన ఆడింది మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్స్‌లో కొట్టింది 33 పరుగులు. జట్టులోని ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపేసింది కూడా ఆ టూర్‌లోనే. మా పెదనాన్న అయితే కెప్టెన్ అన్నంతవరకే చెప్పి ఆపేసేవాడు.

కళల సంగతికొస్తే, పాడినవాళ్లు, రాసినవాళ్ల పేర్లు మాత్రమే చూస్తే లాభం లేదు, డబ్బు పెట్టినవాళ్లెవరో చూడండి. విజయనగరం సంగీత కళాశాల 1919లో ఆ సంస్థానం పెట్టిందే, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. పాత పుస్తకాల్లో అంకితం పేజీని అస్సలు వదలొద్దు. 1897లో అచ్చయిన గురజాడ కన్యాశుల్కం విజయనగరం మహారాజు ఆనంద గజపతి రాజుకి అంకితం (ఈయన వేరు, విజ్జీ వేరు). రాజకీయ వ్యంగ్యం కూడా మనకి అందులోనే తగులుతుంది: గిరీశం బండివాడికి కాంగ్రెస్ గురించి రెండు గంటలు లెక్చర్ దంచితే, వాడు అంతా విని, మా ఊరి హెడ్డు కానిస్టేబుల్ని ఎప్పుడు బదిలీ చేస్తారని అడుగుతాడు! ఇప్పటి ఎన్నికల సభలో ఎవడైనా అడిగినట్టే ఉంటుంది. అయితే అది రాసింది గురజాడ, పూసపాటివారు ఆదరించారు, అంతే. ఆ తేడా మీ నోట్సులో స్పష్టంగా ఉండాలి.

చివరిగా, దొరికిన ప్రతి ముక్క పక్కన ఎక్కడ చూశారో రాసుకోండి. కాగితం దొరకనివాటి పక్కన 'పెదనాన్న చెప్పాడు' అని రాసి, పెన్సిల్‌తోనే ఉంచండి.