అడ్మిన్ బాధ్యత కూడా అమానతే

ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరస్వామి దర్శనానికి వెళ్తారు, పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు తరలివస్తారు. మా కడపలో రక్తదానానికైనా క్రికెట్‌కైనా అన్ని మతాల పిల్లలకూ వాట్సాప్ గ్రూపు ఒక్కటే. అలాంటి గ్రూపును నడుపుతున్న ముస్లిం తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాకు తెలిసిన పద్ధతి చెబుతాను. ఆ పని కూడా అమానతే, అంటే మనల్ని నమ్మి అప్పగించిన బాధ్యత.

అసలు పరీక్ష రెచ్చగొట్టే వీడియో వచ్చినప్పుడే. ఎవరైనా వార్త తెస్తే ముందు విచారించండి, తెలియక ఒక జనానికి హాని చేయకండి అని ఖురాన్ హుజురాత్ సూరా (అధ్యాయం) ఆరో వాక్యంలో హెచ్చరిస్తుంది. కాబట్టి ముందుగా అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చండి. మెసేజ్ మీద జంట బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. వీడియోను ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. దుకాణాల బోర్డులు ఏ భాషలో ఉన్నాయి? బండ్ల నంబర్లు ఏ రాష్ట్రానివి? మన ఊరిదే అంటున్నారా, ఆ వీధిలో ఉండేవారికి ఫోన్ చేయండి. తేలిన సంగతిని ఆధారంతో సహా గ్రూపులో పెట్టండి. పంపినవాడి పేరు మాత్రం ఎత్తకండి. అతనితో విడిగా మాట్లాడండి. నలుగురిలో నిలదీస్తే మొండికేస్తాడు.

మనవాళ్లను పొగిడే అబద్ధానికీ ఇదే తనిఖీ జరగాలి. సాక్ష్యం మీకూ మీ తల్లిదండ్రులకూ వ్యతిరేకమైనా సరే, న్యాయం పక్షాన నిలబడమని నిసా సూరా 135వ వాక్యం ఆదేశిస్తుంది. ఇది చేయలేనివారిని ఇతర మతస్థులు ఎందుకు నమ్మాలి?

నిర్ణయాలు ఒంటరిగా తీసుకోకండి. వేర్వేరు మతాల నుంచి అడ్మిన్లను పెట్టుకోండి, వారిలో ఒక అమ్మాయి తప్పనిసరిగా ఉండాలి. సంప్రదించి పనిచేయడమే షూరా. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం, పండుగ రోజుల్లో సమావేశాలు వద్దు. రక్తదాన శిబిరంలో తీసిన ఫొటోలను అందులో ఉన్నవారిని అడిగాకే పెట్టండి, అమ్మాయిల విషయంలో మరింత జాగ్రత్త. ఎవరి నంబరునూ వారి అనుమతి లేకుండా బయటివారికి ఇవ్వకండి.

ఉద్యోగానికో చదువుకో ఊరు విడిచి వెళ్తుంటే, మిగిలిన అడ్మిన్లతో మాట్లాడి బాధ్యతను అర్హులకు అప్పగించండి. రక్తదాతల జాబితా కూడా వారికే ఇచ్చి, మీ ఫోనులో ఉన్న ప్రతిని తొలగించండి.