ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతోందా? పాత ఇనుముకు వేసేయకండి

రెగ్యులేటర్ 5లో పెట్టినా సీలింగ్ ఫ్యాను నీరసంగా తిరుగుతున్నా, చేత్తో తోస్తే గానీ కదలకపోయినా చాలాసార్లు పోయింది కెపాసిటరే. మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న భాగమది, వంద రూపాయల లోపు సరుకు. మోటారు మీద, రాడ్డు మొదట్లో ఉన్న గిన్నెలాంటి మూత పైకి జరిపితే రెండు తీగలున్న చిన్న డబ్బీ కనిపిస్తుంది. దాని మీద సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ (µF) అని దాని సామర్థ్యం రాసి ఉంటుంది. పాతదాని మీద ఏ అంకె ఉంటే అదే తెచ్చుకోండి. పెద్దది వేస్తే ఇంకా జోరుగా తిరుగుతుందనే సలహాలు వినకండి, మోటారులోని తీగ చుట్టలు (వైండింగ్) వేడెక్కి మొత్తం ఫ్యానుకే ఎసరు.

మూత ముట్టుకునే ముందు స్విచ్చి కట్టేస్తే చాలదు, మెయిన్ ఆపాలి. పాత డబ్బీలో కరెంటు మిగిలి ఉండొచ్చు, తీగల కొసలు ముట్టుకోవద్దు. కరెంటు పని అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ముందు కెపాసిటర్ చూడమనండి.

కరెంటు ఆపాక రెక్క తిప్పితే గరగరమంటుంటే మాత్రం తేడా బేరింగులది. అవీ దొరుకుతాయి.